పెరటి తోట: ముందు కాగితం మీద, తర్వాత నేల మీద

పొన్నూరు చుట్టుపక్కల ఊళ్ళలో పచ్చదనానికి కొదవ లేదు. కృష్ణ కాలువ నీళ్ళు వస్తే వరి పండుతుంది. వరి కోతకు ముందే చేలో మినుములు చల్లుతారు. పడమటి దిక్కున పెదనందిపాడు, ప్రత్తిపాడు వైపు పోతే పత్తి చేలు, మిరప చేలు కనిపిస్తాయి. ఇక్కడి ఆడవాళ్ళు నాట్లు వేస్తారు. కలుపు తీస్తారు. మినుము పీకుతారు. ఆటో ఎక్కి మిరపకాయల కోతకు పోతారు. ఏడాది పొడుగునా వాళ్ళ చేతులు ఏదో ఒక మొక్క మీదే ఉంటాయి.

అయినా చాలా ఇళ్ళలో సాయంత్రం పొయ్యి వెలిగించే వేళకు కూర ఉండదు. కొట్టుకు పోయి కొనాలి. డబ్బు లేని రోజు పచ్చడితో సరిపెట్టుకోవాలి. ఇంటి వెనక మాత్రం నాలుగు గజాల జాగా పిచ్చి మొక్కలతో నిండి ఉంటుంది.

ఆ జాగాలో తోట వేయడం ఎట్లా? ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఆకుకూరకూ రక్తానికీ సంబంధం

2019 నుంచి 2021 వరకు దేశమంతటా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళకు రక్తం పరీక్ష చేశారు. ప్రతి 100 మందిలో దాదాపు 59 మందికి రక్తం తక్కువగా ఉంది. దీన్నే రక్తహీనత అంటారు. ఆడవాళ్ళకు హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గకూడదు. గర్భిణికి 11 గ్రాములకు తగ్గకూడదు. తగ్గితే ఆయాసం వస్తుంది. కళ్ళు తిరుగుతాయి. పని చేస్తుంటే కాళ్ళు లాగుతాయి.

హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. మనం ఏం తినాలి, ఎంత తినాలి అని ఆ సంస్థ లెక్కలు కడుతుంది. 2024లో అది కొత్త లెక్క చెప్పింది. పెద్ద మనిషి రోజుకు 400 గ్రాముల కూరలు తినాలి. అందులో 100 గ్రాములు ఆకుకూర ఉండాలి.

ఆకుకూరలో ఇనుము ఉంది. కాని ఆ ఇనుము అంతా ఒంటికి పట్టదు. పక్కన నిమ్మకాయ పిండుకుంటే, జామకాయ తింటే బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే పట్టదు. రక్తం బాగా తక్కువగా ఉన్నవాళ్ళకు ఆకుకూర ఒక్కటే చాలదు. ఆసుపత్రిలో ఇచ్చే ఐరన్ మాత్రలు కూడా మింగాలి.

ఒక ఇల్లు అనుకుందాం

పొన్నూరు దగ్గర ఒక ఊళ్ళో ఒక ఇల్లు ఉందనుకుందాం. ఆ ఇంట్లో నలుగురు మనుషులు. అత్త, కొడుకు, కోడలు, ఎనిమిదేళ్ళ మనవరాలు. కోడలు రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. ఇప్పుడు కూడబలుక్కుని చదవగలదు. లెక్క రాయగలదు.

పోయినేడు ఆ ఇంట్లో తోట వేశారు. జూన్‌లో మొదటి వాన పడింది. అత్త పొన్నూరు బజారు నుంచి విత్తనాలు తెచ్చింది. ఒక్క రోజే అన్నీ చల్లేసింది. సగం మొలవలేదు. మొలిచిన తోటకూర అంతా ఒక్కసారే కోతకు వచ్చింది. ఇంట్లో తినలేక ఇరుగుపొరుగుకు పంచారు. తర్వాత నెల రోజులు ఆకు లేదు. బెండ మొక్కల్ని కోళ్ళు పొడిచాయి. ఆగస్టు వానకు నీళ్ళు నిలిచి వంగ మొక్కలు కుళ్ళిపోయాయి.

ఈ ఏడు కోడలు మళ్ళీ తోట మాట ఎత్తింది.

“కూలికి పోయేవాళ్ళకి తోటేందే అమ్మాయ్? పోయినేడు చూశాంగా” అంది అత్త.

“పోయినేడు చూడకుండా వేశాం అత్తయ్యా. ఈసారి ముందు చూద్దాం. కాగితం మీద రాసుకుందాం. ఆ తర్వాతే విత్తనం కొందాం” అంది కోడలు.

“కాగితం మీద తోటకూర మొలుస్తుందా?” అని అత్త నవ్వింది.

కాగితం మీద మొలవదు. కాని ఎక్కడ మొలవాలో, ఎప్పుడు మొలవాలో కాగితం గుర్తు పెడుతుంది. కోడలు చేసిన పనులు ఒక్కొక్కటే చూద్దాం.

మొదటి పని: చూడడం

కోడలు మే నెలలో ఒక రోజు పెరట్లో మూడుసార్లు నిలబడి చూసింది. పొద్దున 8 గంటలకు, మధ్యాహ్నం 12 గంటలకు, సాయంత్రం 4 గంటలకు. ఎండ ఎక్కడ ఉంది? నీడ ఎక్కడ ఉంది? నీడ పడ్డ చోట పుల్లలు గుచ్చింది.

కూరగాయ మొక్కలకు రోజుకు 5, 6 గంటలు ఎండ కావాలి. ఆకుకూరలకు కాస్త తక్కువైనా సరిపోతుంది. పుదీనా, పొన్నగంటి కూర, చేమ కొద్ది నీడలో కూడా పెరుగుతాయి.

ఏడాదిలో ఎక్కువ నెలలు పొద్దు దక్షిణం వైపు వాలి నడుస్తుంది. నీడ ఉత్తరం వైపు పడుతుంది. అందుకే ఎత్తుగా పెరిగే చెట్లు, పందిళ్ళు పెరటికి ఉత్తరం అంచున ఉండాలి. అప్పుడు వాటి నీడ చిన్న మొక్కల మీద పడదు.

తర్వాత నీళ్ళ దారి చూసింది. వాన నీళ్ళు ఎటు నుంచి వస్తాయి? ఎటు పోతాయి? ఎక్కడ నిలుస్తాయి? బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు మొక్కలన్నిటికీ మంచివి. సబ్బు నీళ్ళు ఆకుకూరలకు పోయకూడదు. అంట్లు తోమిన నీళ్ళు పారే చోట అరటి పిలక నాటుకోవచ్చు. మరుగుదొడ్డి గుంటకు దగ్గరగా ఆకుకూర వేయకూడదు. ఆ మట్టి నుంచి రోగాలు వస్తాయి.

బోరు నీళ్ళు కూడా చూడాలి. సముద్రం వైపు ఊళ్ళలో కొన్ని బోర్లలో ఉప్పు నీళ్ళు పడతాయి. నోట్లో పోసుకుంటే ఉప్పగా ఉన్న నీళ్ళు లేత మొక్కలకు పనికిరావు. కాలువ నీళ్ళు, వాన నీళ్ళు మంచివి.

రెండో పని: కొలవడం, గీయడం

కోడలు తాడుతో పెరడు కొలిచింది. పొడుగు 20 అడుగులు. వెడల్పు 12 అడుగులు. 20ని 12తో హెచ్చవేస్తే 240 చదరపు అడుగులు. ఒక సెంటు అంటే సుమారు 435 చదరపు అడుగులు. అంటే ఆ జాగా అర సెంటు కంటే కాస్త ఎక్కువ.

మనవరాలి నోటుబుక్కులో ఒక కాగితం తీసుకుని బొమ్మ గీసింది. మీరు కూడా గీసి చూడండి.

ఉత్తరం అంచున 3 అడుగుల పట్టీ. ఒక మూల మునగ. ఇంకో మూల కరివేపాకు. మధ్యలో బీర, కాకర పాకడానికి పందిరి. పందిరి గుంజ మొదట్లో బచ్చలి.

మిగిలిన జాగాలో 5 మళ్ళు. ఒక్కో మడి 3 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడుగు. మడికీ మడికీ మధ్య అడుగు దారి. దక్షిణం వైపు బిందె పట్టుకుని నడవడానికి 2 అడుగుల బాట.

మడి వెడల్పు 3 అడుగులే ఎందుకు? దారిలో కూర్చుంటే చెయ్యి అడుగున్నర దూరం అందుతుంది. రెండు వైపుల నుంచీ మడి మధ్యదాకా అందుతుంది. మడిలో కాలు పెట్టే పని ఉండదు. తొక్కిన నల్లరేగడి బండలాగా గట్టిపడుతుంది. తొక్కని మట్టిలో వేరు సులువుగా దిగుతుంది.

అత్త బొమ్మ వైపు చూసింది. చదువు రాకపోయినా బొమ్మ అర్థమైంది.

“మునగ గోడ పక్కన వద్దే. గాలివానకు కొమ్మ విరిగి రేకు మీద పడుద్ది. ఈ మూల పెట్టు” అంది.

కోడలు మునగను మూల మార్చింది. కాగితం మీద మార్చడం తేలిక. నాటిన చెట్టును మార్చలేం. మునగ మనిషి ఎత్తు దాటకుండా తల తుంచుతూ ఉంటే ఆకు చేతికి అందుతుంది. గాలికి విరగదు.

మూడో పని: నేల సిద్ధం చేయడం

పొన్నూరు ప్రాంతంలో నల్లరేగడి ఎక్కువ. ఈ నేలలో సారం ఉంది. కాని ఎండకు బీటలు తీస్తుంది. వానకు జిగురవుతుంది. నీళ్ళు తొందరగా ఇంకవు. పోయినేడు వంగ మొక్కలు కుళ్ళింది అందుకే. ఇట్లాంటి నేలలో మడి జానెడు ఎత్తు ఉండాలి. దారి పల్లంగా ఉంటే వాన నీళ్ళు దారిలోకి పోతాయి. వేరు కుళ్ళదు.

పదును చూసి తవ్వాలి. ఈ సంగతి రైతు కూలీలకు ఎవరూ నేర్పనక్కరలేదు. పిడికెడు మట్టి తీసి ముద్ద చేయాలి. నడుం ఎత్తు నుంచి వదలాలి. ముద్ద కింద పడి పొడిగా విడిపోతే పదును కుదిరినట్టు. విడిపోకుండా ముద్దలాగే ఉంటే ఇంకా తడి ఎక్కువ. రెండు రోజులు ఆగాలి. తడి మీద తవ్వితే గడ్డలు కడతాయి.

ఆ ఇంట్లో మే నెలలో ఒక జల్లు పడ్డాక తవ్వారు. తవ్వింది కోడలు కాదు, ఆమె మొగుడు. జానెడున్నర లోతు తవ్వి, రెండు వారాలు ఎండకు వదిలేశాడు. తుంగ గడ్డలు, గరిక వేళ్ళు ఏరేశారు. ఏరకపోతే తొలకరికి తుంగ మళ్ళీ లేస్తుంది.

తర్వాత ఒక్కో మడికి ఒక తట్ట మాగిన పశువుల ఎరువు వేశారు. తట్ట అంటే 4, 5 కిలోలు. పచ్చి పేడ వేస్తే వేడికి వేరు మాడుతుంది, పురుగు చేరుతుంది. మాగిన ఎరువు నల్లగా, పొడిగా ఉంటుంది. వాసన రాదు. మట్టి మరీ బిగువుగా ఉంటే కొంచెం ఇసుక, కుళ్ళిన ఊక కలపవచ్చు. పొయ్యి బూడిద ఎక్కువ పోయకూడదు. నల్లరేగడిలో అసలే క్షారం ఎక్కువ. బూడిదతో ఇంకా పెరుగుతుంది.

చివరికి కోళ్ళు, మేకలు రాకుండా దడి కట్టారు. పత్తి కట్టె, తుమ్మ కంప సరిపోయాయి. దడి లేని తోట కోళ్ళకు మేత.

నాలుగో పని: విత్తనం చదవడం

కోడలు విత్తనాల కొట్టుకు పోయింది. పొట్లం తిప్పి చదివింది. పొట్లం మీద ఐదు సంగతులు చూడాలి.

1. పంట పేరు, రకం పేరు.
2. పరీక్ష చేసిన తేదీ.
3. ఎప్పటి వరకు పనికి వస్తుందో ఆ తేదీ.
4. 100 గింజల్లో కనీసం ఎన్ని మొలుస్తాయో ఆ అంకె.
5. ధర.

పోయినేడు కొన్న ఖాళీ పొట్లం చూరులో ఉంది. కోడలు దాన్ని తీసి చదివింది. కొన్న రోజుకే గడువు దాటి మూడు నెలలైంది. సగం గింజలు ఎందుకు మొలవలేదో అప్పుడు అత్తకు తెలిసింది.

“ఈ ముక్క అప్పుడు ఎవరు చదివి చెప్పారు!” అంది అత్త.

ఇంటి విత్తనం కూడా మంచిదే. తోటకూర, గోంగూర, బీర, సొర గింజలు దాచుకోవచ్చు. అవి మొలుస్తాయో లేదో ఇంట్లోనే పరీక్ష చేయవచ్చు. 20 గింజలు తడి గుడ్డలో చుట్టాలి. గుడ్డ ఆరిపోకుండా చూడాలి. వారం తర్వాత విప్పి లెక్కపెట్టాలి. 16 మొలిస్తే 100కు 80 మొలిచినట్టు. మంచి విత్తనం. 8 మాత్రమే మొలిస్తే 100కు 40. దాన్ని నమ్ముకోకూడదు.

పొట్లంలో గింజలకు ఎర్ర రంగో, ఆకుపచ్చ రంగో ఉంటే మందు పట్టించారని గుర్తు. అవి పిల్లలకు అందకుండా పెట్టాలి. చల్లాక చేతులు సబ్బుతో కడగాలి.

కొన్ని మొక్కలకు విత్తనమే అక్కరలేదు. పొన్నగంటి, పుదీనా, బచ్చలి, దొండ ముక్క నాటితే వస్తాయి. పక్కింట్లో అడిగితే ఇస్తారు.

ఐదో పని: వారానికి ఒక ముక్క

పోయినేడు తోటకూర అంతా ఒక్కసారే వచ్చింది. ఈసారి కోడలు ఒక మడిని నాలుగు ముక్కలు చేసింది. జూన్ చివర్లో మొదటి ముక్కలో తోటకూర చల్లింది. రెండో వారం రెండో ముక్క. మూడో వారం మూడో ముక్క. నాలుగో వారం నాలుగో ముక్క. తోటకూర 25, 30 రోజులకు కోతకు వస్తుంది. నాలుగో ముక్క చల్లిన వారానికి మొదటి ముక్క కోతకు సిద్ధం. కోసిన చోట కొంచెం ఎరువు వేసి మళ్ళీ చల్లింది. వారం వారం లేత ఆకు చేతికి వచ్చింది.

లెక్క చూద్దాం. మనిషికి రోజుకు 100 గ్రాముల ఆకుకూర. నలుగురికి 400 గ్రాములు. ఏడు రోజులకు 2,800 గ్రాములు, అంటే 2 కిలోల 800 గ్రాములు. ఒక్క మడి ఇంత ఇవ్వదు. అందుకే రెండో మడిలో గోంగూర, చుక్కకూర వేసింది. గోంగూర తల తుంచితే పక్క కొమ్మలు వేస్తుంది. మళ్ళీ మళ్ళీ కోసుకోవచ్చు. పందిరి కింద బచ్చలి, మూలన మునగాకు మిగిలిన రోజులకు ఆదుకుంటాయి.

మూడో మడిలో వంగ, పచ్చిమిరప నారు. నాలుగో మడిలో బెండ. ఐదో మడిలో గోరుచిక్కుడు. ఈ చిన్న పెరట్లో ఇంటికి కావలసిన కూరలన్నీ రావు. ఉల్లిపాయ, బంగాళదుంప కొనాల్సిందే. కాని ఆకుకూర కొనే ఖర్చు చాలావరకు తప్పుతుంది.

ఏ కాలంలో ఏది వేయాలో కోడలు గోడ మీద బొగ్గుతో రాసింది.

తొలకరిలో, అంటే జూన్, జూలైలో: బెండ, బీర, కాకర, సొర, వంగ, చిక్కుడు, గోంగూర, తోటకూర.

చలి మొదలయ్యాక, అక్టోబరు చివరి నుంచి డిసెంబరు వరకు: టమాటా, పాలకూర, మెంతికూర, కొత్తిమీర, ముల్లంగి.

ఎండాకాలం కోసం జనవరి చివర, ఫిబ్రవరిలో: బెండ, గోరుచిక్కుడు, దోస, తోటకూర.

అక్టోబరు, నవంబరు నెలల్లో తుపానులు వస్తాయి. రేడియోలోనో ఫోనులోనో వాన కబురు విన్నప్పుడు ఆ వారం విత్తకూడదు. చిన్న గింజలు కొట్టుకుపోతాయి.

వంగ, టమాటా, మిరప ఒకే జాతి. ఒకదాని రోగం ఇంకోదానికి వస్తుంది. ఈ ఏడు వేసిన మడిలో వచ్చేసారి వాటిని వేయకూడదు. అక్కడ చిక్కుడు జాతి మొక్కలు వేస్తే నేలకు బలం.

ఆరో పని: పని పంచుకోవడం

కోడలు పొద్దున ఐదింటికి లేస్తుంది. వంట చేసి కూలికి పోతుంది. సాయంత్రం వచ్చి మళ్ళీ వంట. తోట పని కూడా ఆమె నెత్తినే పడితే నెల తిరక్కుండా తోట ఎండిపోతుంది. లేకపోతే ఆమె ఎండిపోతుంది.

అందుకే కాగితం వెనక పేరు పేరునా పని రాసింది.

తవ్వడం, దడి, పందిరి: మొగుడు.
పొద్దున నీళ్ళు: మొగుడు. ఎండాకాలం మడికి ఒక బిందె. చలికాలం రెండు రోజులకు ఒకసారి.
కోళ్ళను చూడడం, ఆకు కోయడం: అత్త.
పురుగులు ఏరడం, కొత్తగా మొలిచినవి లెక్కపెట్టడం: బడి లేని రోజు మనవరాలు.
ఆదివారం విత్తడం, రాసుకోవడం: కోడలు.

“నేను నీళ్ళు మోయాలా?” అన్నాడు మొగుడు.

“పప్పులో ఆకు నువ్వు తినవా?” అంది అత్త. కొడుకు మారు మాట్లాడకుండా బిందె ఎత్తాడు.

మడి మీద పాత వరిగడ్డి పరిస్తే నీళ్ళు తొందరగా ఆరవు. కలుపు తక్కువ వస్తుంది. నేల బీటలు తీయదు.

ఏడో పని: విషం లేకుండా కాపాడడం

పత్తికి, మిరపకు కొట్టగా మిగిలిన మందు ఇంట్లో ఉంటుంది. “కాస్త బెండకు కూడా కొడదాం” అనిపిస్తుంది. కొట్టకూడదు. ఇవాళ కొట్టి రేపు కోసుకు తినే తోట ఇది. మోనోక్రోటోఫాస్ అనే మందును కూరగాయల మీద వాడకూడదని ప్రభుత్వం 2005లోనే నిషేధించింది. మందు డబ్బాలను కడిగి నీళ్ళు పోయడానికి కూడా వాడకూడదు. ఎంత కడిగినా విషం పోదు.

పెరటి తోట చిన్నది. పురుగును చేత్తో ఏరేయవచ్చు. పేనుబంక పట్టిన కొమ్మ తుంచి పారేయవచ్చు. బెండ ఆకు ఈనెలు పచ్చగా మారితే అది పల్లాకు తెగులు. ఆ మొక్కను పీకి దూరంగా పాతిపెట్టాలి.

వేప గింజల కషాయం కూడా పనిచేస్తుంది. 50 గ్రాముల వేప పప్పు దంచి గుడ్డలో మూట కట్టాలి. లీటరు నీళ్ళలో రాత్రంతా నానబెట్టాలి. పిండి, వడకట్టి, చిటికెడు సబ్బు పొడి కలిపి సాయంత్రం పూట చల్లాలి.

మొక్కలకు బలానికి జీవామృతం చేసుకోవచ్చు. 20 లీటర్ల నీళ్ళలో కిలో ఆవు పేడ, లీటరు ఆవు పంచితం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి కలపాలి. రెండు రోజులు నీడలో ఉంచి, పొద్దునా సాయంత్రం కర్రతో తిప్పాలి. తర్వాత పది పాళ్ళ నీళ్ళు కలిపి మొక్క మొదట్లో పోయాలి. కోసి తినే ఆకు మీద పోయకూడదు.

ఇట్లాంటి సేద్యాన్ని ప్రకృతి సేద్యం అంటారు. మన రాష్ట్రంలో 2016 నుంచి రైతు సాధికార సంస్థ దీన్ని ఊరూరా నేర్పుతోంది. అందులో పొదుపు సంఘాల ఆడవాళ్ళది పెద్ద పాత్ర. 2024లో ఈ పనికి పోర్చుగల్ దేశం నుంచి గుల్బెంకియన్ బహుమతి వచ్చింది.

ఇంకో దేశం సంగతి కూడా తెలుసుకుందాం. బంగ్లాదేశ్‌లో పిల్లలకు రేచీకటి ఎక్కువగా ఉండేది. విటమిన్ ఎ తక్కువైతే రేచీకటి వస్తుంది. ముదురు పచ్చ ఆకులు, బొప్పాయి తింటే ఆ విటమిన్ దొరుకుతుంది. హెలెన్ కెల్లర్ పేరు మీద పనిచేసే సంస్థ 1990లో అక్కడ పెరటి తోటలు నేర్పడం మొదలుపెట్టింది. ఆ తోటల్ని ఎక్కువగా నడిపింది ఆడవాళ్ళే.

జాగా లేనివాళ్ళు ఏం చేయాలి?

2020 డిసెంబరులో ప్రభుత్వం పేదలకు ఇళ్ళ స్థలాలు ఇవ్వడం మొదలుపెట్టింది. పల్లెల్లో సెంటున్నర, పట్నాల్లో సెంటు. అందులో ఇల్లు కడితే పెరడు మిగలదు. అయినా నాలుగు మొక్కలు పెంచవచ్చు. పాత సిమెంటు సంచిని బాగా దులిపి, కడిగి, మట్టి, ఎరువు నింపి తోటకూర వేయవచ్చు. అడుగున చిల్లులు పెట్టాలి. గుమ్మం పక్కన బచ్చలి తీగ నాటి చూరు మీదికి పాకించవచ్చు. పొదుపు సంఘం వాళ్ళు కలిసి ఉమ్మడి జాగా అడిగి పంచుకోవచ్చు.

విత్తనాలు, సలహా కావాలంటే ఊళ్ళో రైతు సేవా కేంద్రంలో అడగవచ్చు. ఇది 2020లో రైతు భరోసా కేంద్రంగా మొదలైంది. పొన్నూరుకు దగ్గర్లోనే బాపట్లలో వ్యవసాయ కళాశాల ఉంది. అది 1945లో మొదలైంది. ఆడవాళ్ళు కూడా వెళ్ళి అడగవచ్చు. అడగడానికి పొలం పట్టా అక్కరలేదు.

ఆఖర్న తినేది ఎవరు?

ఆగస్టులో ఆ ఇంట్లో మొదటిసారి పప్పు తోటకూర వండారు. మొగుడు తిన్నాడు. పిల్ల తిన్నది. అత్త తిన్నది. చివర కోడలు కూర్చుంది. గిన్నెలో కూర అడుగంటింది.

అత్త గిన్నె వంక చూసింది. కోడలి వంక చూసింది. మొన్న ఆసుపత్రిలో కోడలికి రక్తం 9 గ్రాములే ఉందన్నారు.

“రేపటి నుంచి నీ వాటా ముందే తీసి పక్కన పెడతా. రక్తం తక్కువైంది నీకు. తినాల్సింది నువ్వు” అంది అత్త.

తోట వేసినంత మాత్రాన సరిపోదు. పండిన కూర అవసరమైన మనిషి కంచంలోకి రావాలి. గర్భిణి, పాలిచ్చే తల్లి, ఎదిగే ఆడపిల్ల, రక్తం తక్కువైన ఆడవాళ్ళు. వీళ్ళ వాటా ముందే తీసి పెట్టాలి. కాగితం మీద మళ్ళు గీసినట్టే ఈ వాటా కూడా గీసుకోవాలి.

ఆలోచించండి, చెప్పండి

1. పోయినేడు ఆ ఇంటి తోట ఎందుకు పాడైంది? నాలుగు కారణాలు చెప్పండి.
2. ఎత్తు చెట్లు ఉత్తరం వైపు ఎందుకు నాటాలి?
3. నేల పదును ఎట్లా తెలుస్తుంది?
4. మీ ఇంట్లో ఆఖర్న తినేది ఎవరు? వాళ్ళకు కూర మిగులుతుందా?

లెక్క చేయండి

1. మీ ఇంట్లో ఎంతమంది? మనిషికి 100 గ్రాముల చొప్పున వారానికి ఎంత ఆకుకూర కావాలి?
2. 20 గింజల్లో 14 మొలిచాయి. 100 గింజలకు ఎన్ని?
3. పోయిన నెల కూరలకు మీరు ఎంత ఖర్చు పెట్టారు? రాసి ఉంచండి. తోట వేసిన మూడు నెలలకు మళ్ళీ రాసి చూడండి.

మీరు చేయండి

మీ పెరడు కొలవండి. కాగితం మీద బొమ్మ గీయండి. ఎండ ఎక్కడ, నీళ్ళు ఎక్కడ, మళ్ళు ఎక్కడ అని రాయండి. కాగితం వెనక ఎవరి పని ఏమిటో పేర్లు రాయండి. ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.